చెట్టుకు షుగర్ డౌన్

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు రెండు జబ్బులు. ఒకటి షుగర్. రెండోది పోలికలు చెప్పడం. మొదటిదానికి మాత్రలున్నాయి. రెండోదానికి మందు దొరికేసరికి నా సర్వీసులో పదకొండు నెలలు మిగిలాయి. అప్పటికే ఒక రైతు నిమ్మతోట నా నోటి పుణ్యమా అని చావు అంచుకు వెళ్ళింది.

ఉద్యానశాఖలో కొత్తగా చేరినవాళ్ళు ఆత్మకూరులో మా ఇంటికి అప్పుడప్పుడూ వస్తుంటారు. "మీటింగు పెడితే రైతులు ఫోన్లు చూసుకుంటారు సార్, మీరెట్లా కూర్చోబెట్టేవారు?" అని అడుగుతారు. పాతికేళ్ళు నేను గర్వపడింది ఆ ఒక్క విషయానికే. కాఫీ ఇచ్చి నాలుగు చిట్కాలు చెప్పి పంపొచ్చు. కానీ వాళ్ళు అడగాల్సింది అది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ ఏడు ఈశాన్య వానలు సగంలోనే ముఖం చాటేశాయి. మర్రిపాడు నుంచి ఉదయగిరి వైపు లోపలికి పోతే ఒక చిన్న ఊరుంది. రాళ్ళనేల, బోర్ల కింద నిమ్మతోటలు. ఊళ్ళో ఎక్కువమంది బాప్టిస్టు కుటుంబాలవాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కన రేకుల షెడ్డులో మీటింగు పెడితే అందరూ ఒక్కచోట దొరుకుతారని మా ఉద్యాన సహాయకురాలు ఏర్పాటు చేసింది. ఆమెది కలిగిరి. పని మాత్రం ఈ నిమ్మతోటల ఊరి సచివాలయంలో, ఆదివారం ఆరాధనా అక్కడే. మాట కరుకు, పని గట్టిది. నా పోలికలంటే ఆమెకు మొదటినుంచీ పడదు.

నిమ్మచెట్టు బాగా పూయాలంటే కొన్నాళ్ళు నీళ్ళు ఆపి ఎండబెడతారు. మా వైపు దాన్ని బెట్ట పెట్టడం అంటారు. బెట్టలో చెట్టు ఎదగడం తగ్గించి, ఆకుల్లో తయారైన చక్కెరను కొమ్మల్లో, వేళ్ళల్లో దాచుకుంటుంది. ఒంట్లో నీళ్ళు పారిపోకుండా పట్టి ఉంచేది ఆ చక్కెరే. మళ్ళీ తడి తగలగానే పూతకు బలమిచ్చేదీ అదే. బెట్ట మరీ ముదిరితే ఆకులు పని మానేస్తాయి. చెట్టు దాచుకున్నదంతా తినేస్తుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా లేవడం కష్టం. అందుకని ఎన్నాళ్ళు ఎండబెట్టాలన్నది రైతుకు ప్రాణసంకటం, వానల్లేని ఏడు మరీను.

ఆ మీటింగులో ఇదంతా ఇంత పొడిగా చెబితే ఇక నేనెందుకు? "మీలో షుగర్ ఉన్నోళ్ళు చేతులెత్తండి" అన్నాను. పదిమంది దాకా ఎత్తారు. నాకూ ఉందని మాత్రం చెప్పలేదు. ఆఫీసులో కూడా ఎవరికీ చెప్పలేదు, అదొక బడాయి. "మాత్ర వేసుకొని అన్నం తినకపోతే ఏమవుతుంది? చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం. షుగర్ డౌన్! బెట్ట ఎక్కువైతే మీ చెట్టుకూ అంతే. చెట్టుకు షుగర్ డౌన్ అవుతుంది" అన్నాను. షెడ్డంతా నవ్వులు. ఒక్కరూ ఫోను చూడలేదు. మా సహాయకురాలు ఒక్కతే నవ్వలేదు.

చివర్లో వెనక వరుస నుంచి ఒకాయన లేచాడు. అరవై ఏళ్ళుంటాయి. సోమశిల డ్యాము కింద ఊరు మునిగిపోతే కుర్రతనంలో నాయన వెంట ఇక్కడికి వచ్చినవాడు. నూట ఇరవై నిమ్మచెట్లు, ఒక బోరు, భార్య. అంతే ఆయనకున్నది. చేతులెత్తిన పదిమందిలో ఆయనా ఒకడు.

"షుగర్ డౌన్ అయితే ఏం జెయ్యాల సార్?" అన్నాడు.

అప్పటికి రెండు గంటలు దాటింది. పొద్దున మాత్ర వేసుకున్నాను, కడుపు ఖాళీ, నా ధ్యాసంతా భోజనం మీదుంది. ఆయన తన జబ్బు సంగతి అడుగుతున్నాడనుకున్నాను.

"ఏముంది, వెంటనే బెల్లం పడాలి. ఆలస్యం చేయకూడదు" అన్నాను.

"ఎంత బెల్లం సార్?"

"ఒంటిని బట్టి. పెద్ద ఒళ్ళయితే పెద్ద గడ్డ!"

మళ్ళీ నవ్వులు. ఆయన నవ్వలేదు. తల ఊపి కూర్చున్నాడు. నేను భోజనానికి లేచాను.

రెండు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున్నే మా సహాయకురాలి ఫోను వచ్చింది.

"సార్, ఆ వెనకాల కూర్చున్నాయన తోట మొత్తం వాలిపోయి ఉండాది. ఉన్నపళాన రండి."

"బోరు పోయిందా?"

"బోరు గాదు సార్. బెల్లం."

నాకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పమన్నాను. ఆమె చెప్పింది. టించర్ అయోడిన్ సీసాలు ఎన్ని దొరికితే అన్ని మెడికల్ షాపులో తీసుకొని తోటకు రమ్మని ఆమెకు చెప్పి, బండి తీశాను.

తోట కనిపించకముందే వాసన తగిలింది. పులిసిన కల్లు వాసన. ప్రతి చెట్టు పాదులోనూ మట్టి నల్లగా, జిగురుగా ఉంది. చీమలు బారులు కట్టాయి. ఆకులు పసుపు తిరిగి ముడుచుకుపోయాయి. బెట్ట ముదిరి ఆకులు వాడుతున్నాయని ఆయన చెట్టుకు మూడు కిలోల చొప్పున బెల్లం నీళ్ళలో కరిగించి, బిందెతో పోశాడు. తడి పెట్టకుండా, ఎండిన నేల మీద. అన్ని మూటల బెల్లం చూసి సారా కాస్తున్నాడేమోనని ఎక్సైజు వాళ్ళు కూడా వచ్చి అడిగి వెళ్ళారట. తోటకని చెబితే నవ్వుకుంటూ పోయారట.

ఆయన్ను తెలివితక్కువవాడని అనుకోకండి. బెల్లం, పేడ, పప్పుపిండి కలిపి తోటలకు పోసే అలవాటు ఇక్కడ ఉండనే ఉంది. బెల్లం నేలలో పోయడం వింతేమీ కాదు. ఎంతన్నదే లెక్క. ఆ లెక్క ఆయన నన్నడిగాడు. పెద్ద ఒళ్ళయితే పెద్ద గడ్డ అని నేను చెప్పాను.

"మీరు చెప్పినట్టే చేసినాను గదా సార్. పదినాళ్ళయ్యా. లేవలా" అన్నాడాయన.

చెట్టు వేరు బెల్లం తాగి బలం పుంజుకోదు. తనకు కావలసిన చక్కెరను ఆకుల్లో తనే వండుకుంటుంది. నేలలో పాకం చిక్కగా ఉంటే వేరులో ఉన్న కాస్త నీళ్ళనూ అదే బయటికి లాగేస్తుంది. పైగా మట్టిలోని సూక్ష్మజీవులు ఆ తీపికి ఎగబడి పెరిగి, వేళ్ళకు అందాల్సిన గాలినీ నత్రజనినీ తినేస్తాయి. "నిమ్మకాయ ముక్కల మీద ఉప్పు వేస్తే నీరు ఊరుతుంది కదా..." అని మొదలుపెట్టి సగంలో ఆగిపోయాను. మళ్ళీ పోలికే.

"అంటే బెల్లం పొయ్యగూడదా?"

"కూడదు."

"మరి నేను అడిగినాను గదా."

"మీ గురించి అడిగారనుకున్నాను."

"నా గురించి నిన్నెందుకు అడుగుతాను? నాకు డాక్టరు ఉండాడు" అన్నాడు. అప్పటిదాకా మీరు అన్నవాడు నువ్వు అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆయన భార్య గట్టు మీద నిలబడి అన్నీ విన్నది. ఒక్క మాట అనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ఇంతలో సహాయకురాలు టించర్ సీసాలు పట్టుకొని వచ్చింది. దాంతోపాటు ఇంకో సంగతీ తెచ్చింది. మీటింగుకొచ్చినవాళ్ళలో పదకొండుమంది బెల్లం మూటలు తెచ్చుకొని ఇళ్ళలో పెట్టుకున్నారు. ఈయన తోట లేస్తుందేమో చూసి, ఆదివారం ఆరాధన కాగానే మొదలుపెట్టాలని మాట్లాడుకున్నారట. ఇంటింటికీ తిరిగి చెబుదామంటే సగంమంది కూలి పనుల మీద పొలాల్లో, మిగతావాళ్ళు ఉదయగిరి బజారులో ఉన్నారు.

పై అధికారికి ఫోను చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కాపాడాలనే చూశాడు.

"బెల్లం పొయ్యమని మన పుస్తకాల్లో ఎక్కడుందయ్యా? లేదు. కాబట్టి నువ్వు చెప్పలేదు. రైతు సొంత తెలివితో పోసుకున్నాడు. అట్లా రాసి సోమవారానికి పంపు. పదకొండు నెలలుంది నీకు, గుర్తుందా?"

గుర్తుంది. ఎందుకు గుర్తుండదు? ఫోను పెట్టేశాక నిజంగానే ఆ వాక్యం మనసులో రాసుకున్నాను. 'రైతు సొంత నిర్ణయం మేరకు.' ఎంత నున్నగా ఉందో! పక్కనే చెట్టు మొదట్లో చీమలు ఎక్కుతున్నాయి. దాచి లాభం లేదు, ఆ వాక్యం నాకు నచ్చింది. పది నిమిషాలు నచ్చింది.

ముందు చెట్ల సంగతి చూడాలి. వాటిని బతికించే దారి ఒకటే. జిగురు మట్టి పైపొర చెక్కి పారెయ్యాలి. పాదు నిండా నీళ్ళు నింపి, గండి కొట్టి వదిలెయ్యాలి, మళ్ళీ నింపాలి, మళ్ళీ వదలాలి. వాలిన కొమ్మలు కొంత కోసెయ్యాలి. ఆ రైతు బోరు రోజుకు గంటన్నర పోస్తుంది. అది పది చెట్లకు సరి. ఉన్నవి నూట ఇరవై. ఏ చెట్టుకు నీళ్ళు, ఏ చెట్టును వదిలెయ్యాలి?

దానికే టించర్. చెట్టు చక్కెరను పిండిగా మార్చి కొమ్మలో దాచుకుంటుంది. కొమ్మ కోసి, కోసినచోట అయోడిన్ చుక్క వేస్తే, లోపల నిల్వ ఉంటే నల్లబడుతుంది. నల్లబడితే ఆ చెట్టు దగ్గర మళ్ళీ చిగురించడానికి సరుకు ఇంకా ఉంది. నల్లబడకపోతే ఏమీ లేదు.

మొదటి కొమ్మ కోశాను. చుక్క వేశాను. అందరం వంగి చూశాం. పసుపుగానే ఉంది. ఇంకో క్షణం. ఇంకో క్షణం. అంచు నుంచి మెల్లగా నలుపు తిరిగింది. ఆయన ఊపిరి వదలడం నాకు వినిపించింది.

"ఇది చెట్టుకు షుగర్ టెస్టా సార్?" అన్నాడు. మళ్ళీ సార్ అన్నాడని సంతోషం వేసింది కానీ, నోరు మాత్రం తెరవలేదు.

సాయంత్రం దాకా నూట ఇరవై కొమ్మలు కోశాం. ఆయన భార్య పాత చీర చించి, నల్లబడిన ప్రతి చెట్టుకూ పేలిక కట్టుకుంటూ వచ్చింది. తొంభై నాలుగు చెట్లకు పేలికలు. ఇరవై ఆరు ఊరికే ఉండిపోయాయి. ఆ ఇరవై ఆరులో బోరు పక్కనున్న చెట్టు ఒకటి. తోట పెట్టినప్పుడు మొట్టమొదట నాటింది అదేనట. దానికి మూడుసార్లు చుక్క వేశాను. మూడుసార్లూ పసుపే. ఆమె నా మొహం చూసింది, పేలిక తీసి ఆ చెట్టుకూ కట్టింది.

ఆ రోజు గంటన్నర నీళ్ళు ఎంత పొదుపు చేసినా పదకొండు చెట్లకే వచ్చాయి. బాగా ఆలోచిస్తే ఒక్కటే దారి కనిపించింది. ఆ ఊళ్ళో మిగతా తోటలన్నీ బెట్టలో ఉన్నాయి. అంటే వాళ్ళ బోర్లలో వాడకుండా ఆపిన నీళ్ళున్నాయి. ట్రాక్టరు ట్యాంకర్లు నాలుగున్నాయి. కానీ వానల్లేని ఏడు ఎవరైనా తన బోరు నీళ్ళు పక్కవాడి చెట్లకెందుకు పోస్తారు? ఆయన సొంత తెలివితో తోట చెడగొట్టుకున్నాడని నేను రాస్తే అసలే పొయ్యరు.

"రేపు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు మీరు లేచి నిలబడండి సార్" అంది మా సహాయకురాలు. దేవుడు తమకు చేసిన మేలునో, తాము చేసిన తప్పునో జనం ముందు చెప్పుకోవడాన్ని వాళ్ళు సాక్ష్యం అంటారు. "నేను మీ చర్చివాణ్ణి కాదు కదమ్మా" అన్నాను. "తప్పు మాత్రం మా చర్చి షెడ్డులోనే చేసినారు గదా" అంది.

మర్నాడు మాత్ర వేసుకొని, ఏమీ తినబుద్ధి కాక, ఖాళీ కడుపుతోనే వెళ్ళాను. పాస్టరుగారు ముందే ఒప్పుకున్నారు. ఒకామె తన బిడ్డ జ్వరం తగ్గిన సంగతి చెప్పి కూర్చుంది. తర్వాత నేను లేచాను. నూట యాభై మొహాలు నావైపు తిరిగాయి. రెండు వారాల కిందట నేను నవ్వించిన మొహాలే.

"ఆయన అడిగింది చెట్టు గురించి. నేను జవాబు చెప్పింది మనిషి గురించి. ఎవరి గురించి అడుగుతున్నారని ఒక్క మాట అడిగివుంటే సరిపోయేది, అడగలేదు. తప్పు ఆయనది కాదు. నాది. మీరెవరూ చెట్లకు బెల్లం పొయ్యొద్దు" అన్నాను. నా మొత్తం సర్వీసులో పోలిక లేకుండా మాట్లాడింది అదొక్కసారే.

మధ్యలోంచి ఒకతను లేచాడు. "మీ మాట నమ్మి మూటలు దెచ్చి పెట్టుకొని ఉండాము. రేపు ఇంకోటి చెప్తారు. మేమెట్లా నమ్మేది?" అన్నాడు. "నమ్మక్కర్లేదు. వచ్చి ఆ తోట చూడండి, చాలు" అన్నాను.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక అవ్వ గొంతు వినిపించింది. "ఆ సారు సంగతి ఆనక. ఆయన చెట్లేం గావాల? నీళ్ళేమైనా ఉండాయా?"

"గంటన్నర బోరు అవ్వా. తొంభైకి పైగా చెట్లుండాయి" అంది మా సహాయకురాలు. ఆ అవ్వ నన్ను ప్రశ్న అడిగినతని వైపు తిరిగి, "ఏందిరా నిలబడినావు? నీ ట్యాంకరు ఎక్కడుండాది?" అంది. అతను ఆమె కొడుకని తర్వాత తెలిసింది.

పదకొండు గంటలకు మొదటి ట్యాంకరు వచ్చింది. ఒంటిగంటకు నాలుగూ తిరుగుతున్నాయి. పారలు పట్టినవాళ్ళు పాతికమంది. నేనూ పార పట్టాను. ఎండ మండిపోతోంది. అయిదో వరుసలో ఉండగా చేతులు వణకడం మొదలైంది. చెమటలు పట్టాయి. షుగర్ డౌన్ గురించి నేను మీటింగులో చెప్పిన లక్షణాలన్నీ వరుసగా వచ్చాయి. కూర్చోబోయి పాదులో పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి నోటి దగ్గర ఒక చెయ్యి ఉంది. ఆయన భార్య. రెండు రోజులుగా నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి. మిగిలిన మూటలోంచి బెల్లం గడ్డ పగలగొట్టి తెచ్చింది.

"మీకూ ఉండాదా ఈ జబ్బు?" అంది. తల ఊపాను.

"నోరు తెరవండి. ఇది మనిషికే లెండి, తినండి."

తిన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ తర్వాత ఆమె మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

సోమవారం రిపోర్టు రాశాను. 'రైతు అడిగిన ప్రశ్నను నేను సరిగా అర్థం చేసుకోకుండా సమాధానం ఇచ్చినందున' అని మొదలుపెట్టాను. పై అధికారి చదివి తల పట్టుకున్నాడు. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను, నెలల తరబడి నడిచి చివరికి హెచ్చరికతో వదిలేశారు. ఆ నెలలన్నీ నాకు సరిగా నిద్ర లేదు. నిజం రాసినందుకు గుండె తేలికపడిందని ఎవరైనా అంటే నమ్మకండి. నాకైతే భయమే వేసింది. అయినా ఇంకోరకంగా రాసివుంటే బాగుండేదని మాత్రం ఒక్కరోజూ అనిపించలేదు.

మూడు వారాలు తోటలో ఏ కదలికా లేదు. ప్రతి రెండు రోజులకూ ఆత్మకూరు నుంచి వెళ్ళి చూసి తిరిగి వచ్చేవాణ్ణి. నాలుగో వారం ఒక పొద్దున మా సహాయకురాలు ఫోటో పంపింది. పేలిక కట్టిన కొమ్మ, దాని పక్కన గోరంత చిగురు. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. టించర్‌కు నల్లబడిన తొంభై నాలుగులో ఎనభై తొమ్మిది లేచాయి. ఆ ఏడు కాపు లేదు. నల్లబడని ఇరవై ఆరూ, లేవని అయిదూ చచ్చిపోయాయి. బోరు పక్కన చెట్టు కూడా. పేలిక ఎండకు వెలిసిపోయేదాకా దాన్ని వాళ్ళు కొట్టెయ్యలేదు.

నేను రిటైరైన ఏడాది వానలు బాగా పడ్డాయి. ఒకరోజు ఆయనే ఫోను చేసి, చచ్చినవాటి చోట మొక్కలు నాటుతున్నాం, రమ్మన్నాడు. వెళ్ళాను. పార నా చేతికిచ్చి బోరు పక్కకు తీసుకెళ్ళాడు. పాత మోడు తీసేసి ఉంది. భార్య నిమ్మ మొక్క పట్టుకొని నిలబడి ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది? గొంతు సవరించుకొని, గుంత లోతు గురించి ఏదో అనబోయాను.

"ఈ తూరి మీరేం చెప్పబాకండి సార్. గుంత తియ్యండి, చాలు" అన్నాడాయన.

గుంత తీశాను.